పటం మీద మా ఇల్లెక్కడ?

(సింగపూర్ తెలుగు కుటుంబాల కోసం ఆదివారాలు ప్రసారమయ్యే కమ్యూనిటీ రేడియో కార్యక్రమంలో చేసిన ప్రసంగానికి ఇది అక్షరరూపం. మాట్లాడిన తీరు చెడకుండా, అక్కడక్కడా చిన్న సవరణలతో ఇస్తున్నాం.)



ఈ కార్యక్రమంలో సాధారణంగా సంగీతం తెలిసినవాళ్ళో, సాహిత్యం చదువుకున్నవాళ్ళో మాట్లాడుతుంటారు. నేను ఆ రెండు కోవలకీ చెందను. చరిత్రకారుణ్ణి అసలే కాను. పొద్దున్నే ఎమ్మార్టీ ఎక్కి, సాయంత్రం దాకా కంపెనీలకి సాఫ్ట్‌వేర్ సలహాలు చెప్పి, మళ్ళీ ఎమ్మార్టీ ఎక్కి ఇంటికొచ్చే మనిషిని. మీలో చాలామంది చేసే పనే. అయితే నా ఉద్యోగంలో పటాలతో కాస్త పరిచయం ఉంది. ఏ గోదాము ఎక్కడుంది, ఏ లారీ ఏ దారిన పోవాలి, ఇలాంటివి కంప్యూటరులో గీసిపెట్టే పని కొన్నాళ్ళు చేశాను. ఆ కొద్దిపాటి విద్యే నన్ను ఈ తంటాలోకి లాగింది. ఆ తంటా గురించే ఇవాళ చెబుతాను.

మూడేళ్ళ క్రితం ఉగాదికి మనవాళ్ళందరం కలిశాం. భోజనాలయ్యాక ఒక పెద్దాయన నా పక్కన కూర్చున్నారు. వయసు ఎనభైకి దగ్గర. సింగపూర్‌లోనే పుట్టి పెరిగారు. ఆయన తెలుగు మన తెలుగులా ఉండదు. వాళ్ళ నాన్నగారు శ్రీకాకుళం వైపు నుంచి తెచ్చిన మాటలు అలాగే నిలవ ఉన్నాయి, మధ్యలో తమిళం, మలయ్ కలుస్తుంటాయి. నేను ఆయన్ని మావయ్యగారూ అంటాను. నేను చేసే పని గురించి ఎవరో చెప్పారట. నా ఫోను వైపు చూపించి, "ఏటి బాబూ, ఇందులో అన్ని ఊళ్ళూ కనపడతాయంట గదా. మా ఇల్లు సూపించగలవేటి?" అన్నారు.

నేను చటుక్కున ఫోను తీసి, "అడ్రసు చెప్పండి మావయ్యగారూ" అన్నాను.

ఆయన నవ్వి, "ఇప్పుడున్న ఇల్లు నాకు తెలీదేటి? నేను పుట్టిన ఇల్లు. నేవల్ బేసులో ఉండీది" అన్నారు.

అది 1950ల నాటి మాట. ఆ ఇల్లు లేదు, ఆ వీధి లేదు, ఆ అడ్రసూ లేదు. ఇప్పుడు మనం వాడే ఆరంకెల పోస్టల్ కోడు వచ్చిందే 1995లో. నా ఫోనులో ఉన్న పటానికి నిన్నటి సంగతే తెలియదు, యాభైల సంగతి ఎక్కడ తెలుస్తుంది? అయినా సాఫ్ట్‌వేర్ వాళ్ళకి సహజంగా ఉండే ధైర్యంతో, "ఓ రెండు వారాలివ్వండి" అనేశాను. ఎనిమిది నెలలు పట్టింది. అందులో నేను చేసిన తప్పు కూడా ఉంది, దాని దగ్గరికి వస్తాను.

ముందు ఆయన ఇంటికెళ్ళి కాగితాలు చూశాను. వాళ్ళ నాన్నగారి పాత కాగితమొకటి ప్లాస్టిక్ కవర్లో జాగ్రత్తగా దాచారు. 1929 నాటిది. మొదట జొహోర్‌లో రబ్బరు తోటకి వచ్చి, తర్వాత నేవల్ బేసులో పనికి చేరారాయన. కాగితంలో సొంత ఊరి వివరం ఇలా ఉంది: తాలూకా చికాకోల్, జిల్లా గంజాం. మావయ్యగారి పిల్లలు ఇంటర్నెట్లో గంజాం అని వెతికితే ఒరిస్సా అని వచ్చిందట. "మనం ఒరియావాళ్ళమా డాడీ?" అని అడిగారట.

ఇందులో చిక్కేమీ లేదు. చికాకోల్ అంటే ఇంగ్లీషువాళ్ళ నోట్లో పడిన శ్రీకాకుళమే. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేదాకా ఆ ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలో గంజాం జిల్లా కింద ఉండేది. తర్వాత విశాఖపట్నం జిల్లాలో కలిసింది. 1950లో శ్రీకాకుళం జిల్లా విడిగా ఏర్పడింది. ఊరు ఉన్నచోటే ఉంది, గీతలు మాత్రం దాని మీదుగా అటూ ఇటూ జరిగాయి. ఈ సంగతి చెప్పినప్పుడు మావయ్యగారి మనవరాలు నా ముఖంకేసి చూసి, "అయితే తాతయ్య రైటే" అంది. ఇంట్లో చాలాకాలంగా ఈ విషయమ్మీద వాదన నడుస్తోందన్నమాట!

సరే, పాత పటాన్ని కొత్త పటం మీద ఎలా కూర్చోబెడతారో రెండు ముక్కల్లో చెబుతాను. పాత పటాన్ని స్కాన్ చేసి కంప్యూటరులోకి ఎక్కిస్తాం. పాత పటంలోనూ కొత్త పటంలోనూ మారకుండా ఉన్న చోట్లు కొన్ని గుర్తిస్తాం. ఇదిగో ఈ గుడి, అదిగో ఆ కూడలి. వీటిని కంట్రోల్ పాయింట్లంటారు. కనీసం నాలుగైదు ఉండాలి, ఎంత దూరదూరంగా ఉంటే అంత మంచిది. ఇక కంప్యూటరు పాత పటాన్ని సాగదీసి, తిప్పి, కొత్తదాని మీద పరుస్తుంది. క్యూజీఐఎస్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది, దానితో ఎవరైనా చేసుకోవచ్చు. అసలు సింగపూర్ వరకైతే మీరంత శ్రమ పడనక్కర్లేదు. నేషనల్ యూనివర్సిటీ ఆఫ్ సింగపూర్ గ్రంథాలయం వారు పాత పటాలెన్నిటినో ఇలా కూర్చోబెట్టి వెబ్‌సైటులో పెట్టారు. ఇప్పటి వీధి కనపడుతూనే దాని కింద పాత వీధి కనపడుతుంది.

చెప్పడానికి తేలికే. మొదటిసారి నేను సముద్రపు ఒడ్డుని గుర్తుగా పెట్టుకున్నాను. కొండలూ సముద్రాలూ కదలవు కదా అని మన నమ్మకం. సింగపూర్‌లో అన్నిటికన్నా ఎక్కువగా కదిలింది సముద్రపు ఒడ్డే! 1960ల్లో ఈ దేశం వైశాల్యం సుమారు 580 చదరపు కిలోమీటర్లు. ఇవాళ 730 దాటింది. బీచ్ రోడ్డు మీద నిలబడితే బీచ్ కనపడదు. తెలోక్ అయర్ వీధి ఒకప్పుడు అక్షరాలా ఒడ్డునే ఉండేది. ఓడ దిగినవాళ్ళు క్షేమంగా చేరినందుకు మొక్కు చెల్లించడానికి కట్టుకున్నవే అక్కడి నాగూర్ దర్గా, థియాన్ హాక్ కెంగ్ గుడి. ఇప్పుడు అవి ఆఫీసు భవనాల మధ్య ఉన్నాయి.

మరి కదలనివి ఏవి? గుళ్ళు. సౌత్ బ్రిడ్జ్ రోడ్డులో మారియమ్మన్ గుడి 1827 నుంచి అక్కడే ఉంది. దాని గోపురం వల్లే పక్క వీధికి పగోడా స్ట్రీట్ అని పేరొచ్చింది. సెరంగూన్ రోడ్డులో మనమందరం శనివారాలు వెళ్ళే శ్రీనివాస పెరుమాళ్ళ గుడి స్థలాన్ని 1851లో ఈస్టిండియా కంపెనీ దగ్గర 26 రూపాయల 8 అణాలకి కొన్నారు. మొదట్లో అది నరసింహస్వామి పేరుతో ఉండేది. ఎంతోమంది భక్తులు దణ్ణం పెట్టుకున్న ఆ ధ్వజస్తంభం నా కంప్యూటరులో కంట్రోల్ పాయింట్ నంబరు మూడు. స్వామి క్షమించుగాక.

ఇలా పటాలు పరుస్తూ పోతుంటే మనవాళ్ళ అడుగులు అక్కడక్కడా కనపడసాగాయి. 1820ల్లో ర్యాఫిల్స్ ఆదేశంతో లెఫ్టినెంట్ జాక్సన్ గీసిన నగర పటంలో దక్షిణ భారతం నుంచి వచ్చినవాళ్ళకి చూలియా కంపాంగ్ అని విడిగా చోటు చూపించారు. 1825 ఏప్రిల్‌లో బెంకూలెన్ నుంచి మొదటి ఖైదీల ఓడ వచ్చింది. అందులో మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి ద్వీపాంతరం పంపినవాళ్ళు 80 మంది. మద్రాసు ప్రెసిడెన్సీ అంటే తమిళనాడు ఒక్కటే కాదు, మన సర్కారు జిల్లాలూ రాయలసీమా అందులోవే. సెయింట్ ఆండ్రూస్ కేథడ్రల్ కట్టింది భారతీయ ఖైదీలే. దాని లోపలి గోడలకి పూసింది మద్రాసు సున్నం. సున్నంలో గుడ్ల తెల్లసొన, చక్కెర కలిపి, కొబ్బరి పీచు నానేసిన నీళ్ళు పోసి మెదిపేవారు. ఆరాక రాయితో మెరుగు పెట్టేవారు. సింగపూర్ జనరల్ హాస్పిటల్ ఉన్న చోటుని పాతకాలపువాళ్ళు సిపాయి లైన్స్ అనేవారు. మద్రాసు పటాలాల సిపాయిలు అక్కడ ఉండేవాళ్ళు.

వీళ్ళలో తెలుగువాళ్ళెందరని పటం చెప్పదు. కాగితాల్లో ఖైదీ అని ఉంటుంది, సిపాయి అని ఉంటుంది, మద్రాసీ అని ఉంటుంది. తర్వాత్తర్వాత జనాభా లెక్కల్లో మనల్ని విడిగా రాశారు. 1921 నాటికి బ్రిటిష్ మలయా మొత్తమ్మీద తెలుగువాళ్ళు 40 వేలకి కాస్త అటూ ఇటూగా ఉన్నారు. పక్కనే తమిళులు 3 లక్షల 87 వేల పైచిలుకు. అంతమంది మధ్యలో మనవాళ్ళు కలిసిపోయారు. ఇందులో ఎవరి తప్పూ లేదు. కానీ ఎక్కడ ఉన్నారో, ఏం మాట్లాడుకున్నారో మనమే అడిగి రాసుకోకపోతే మన తరఫున ఇంకెవరూ రాయరు.

ఇక్కడ మీకో సంగతి చెప్పాలి. చోటుని పట్టుకుని చరిత్ర రాయడమనేది కంప్యూటర్లతో వచ్చిన కొత్త విద్య అనుకున్నాను నేను. కాదు. మన తెలుగువాళ్ళు రెండువందల ఏళ్ళ క్రితమే చేసిన పని ఇది. 1799లో టిప్పు సుల్తాన్ పతనమయ్యాక మైసూరు ప్రాంతాన్ని సర్వే చేసే పని కంపెనీవారు కాలిన్ మెకంజీకి అప్పజెప్పారు. ఆయన గొలుసులతో, దుర్భిణీలతో నేల కొలిపించాడు. దానితో ఊరుకోలేదు. మన ఏలూరు నుంచి వెళ్ళిన కావలి సోదరులు, బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి, ఆయన దగ్గర పనిచేశారు. వాళ్ళూ, వాళ్ళ కింది మనుషులూ ఊరూరూ తిరిగి, కరణాల్ని, పూజారుల్ని, ముసలివాళ్ళని కూర్చోబెట్టి, ఈ ఊరికి ఆ పేరెలా వచ్చింది, చెరువెవరు తవ్వించారు, గుడెవరు కట్టించారు, మాన్యాలెవరివి అని అడిగి రాసుకున్నారు. అవే మన కైఫీయత్తులు. బొర్రయ్య 1803లో చిన్నవయసులోనే పోయాడు, తమ్ముళ్ళు పని సాగించారు. రామస్వామి 1828లో దక్కను నగరాల మీద ఇంగ్లీషులో ఒక పుస్తకమే వేశాడు. కడపలో బ్రౌన్ గ్రంథాలయం వారు ఆ జిల్లా కైఫీయత్తుల్ని అచ్చు వేశారు. మీది కడప జిల్లా అయితే మీ ఊరుందేమో చూసుకోండి.

ఇంకో విచిత్రం, ఆ మెకంజీ 1811 నుంచి రెండేళ్ళపాటు జావాలో ఉన్నాడు. అప్పుడక్కడ లెఫ్టినెంట్ గవర్నరు, తర్వాత సింగపూర్‌లో జెండా పాతిన ర్యాఫిల్సే. అలా మన కైఫీయత్తులకీ ఈ ద్వీపాలకీ ఒక పీచు బంధుత్వం ఉంది.

నేను దీనినుంచి నేర్చుకోవలసింది ఒకటుంది. కొలవడం ఒక్కటే చాలదు, అడగాలి కూడా. కానీ ఆ బుద్ధి నాకు దెబ్బ తగిలాకే వచ్చింది. ఇక నా తప్పు గురించి.

నేవల్ బేసంటే ఉత్తరాన సెంబవాంగ్. బ్రిటిష్‌వాళ్ళు 1920ల్లో మొదలుపెట్టి, 1938 ఫిబ్రవరిలో పెద్ద డ్రైడాకు తెరిచారు. మలయాళీలు ఎక్కువగా, తమిళులూ మనవాళ్ళూ కొంతమంది, వేలాదిగా అక్కడ పనిచేశారు. వీధులకి కాన్‌బెరా, వెల్లింగ్టన్, డర్బన్, మాల్టా, ఇలా సామ్రాజ్యంలోని ఊళ్ళ పేర్లన్నీ పెట్టారు. 1968 డిసెంబరులో డాక్‌యార్డుని సింగపూర్ ప్రభుత్వానికి అప్పగించారు. 1971 చివరికి బ్రిటిష్ సైన్యం చాలావరకు వెళ్ళిపోయింది. మావయ్యగారి కుటుంబం ఆ తర్వాత కొద్దికాలానికే క్వార్టర్సు ఖాళీ చేసి ఫ్లాటుకి మారింది.

యాభైల నాటి పటమొకటి తీసుకుని, నాలుగు గుర్తులు పెట్టి, పరిచాను. మావయ్యగారు చెప్పిన ఆనవాళ్ళు ఇవి. లైను ఇళ్ళు, ఒక్కో వరసకి పది గుమ్మాలు. గుమ్మంలో నిలబడితే ఎదురుగా నీళ్ళ ట్యాంకు, దాని వెనకనుంచి పొద్దు పొడిచేది. వెనకవైపు నేల పల్లం, వానొస్తే నీళ్ళన్నీ అటే పోయేవి. నా పటంలో చూస్తే ట్యాంకు పడమటివైపు పడింది. నేల పల్లమని ఆయనన్న చోట నాకు మెరక కనపడింది.

వాళ్ళింట్లో అందరూ ఉండగా ల్యాప్‌టాప్ తెరిచి, "మావయ్యగారూ, మీకు తూర్పూ పడమరా తారుమారైనట్టున్నాయి. చిన్నప్పటి సంగతి కదా, అలా జరుగుతుంటుంది" అన్నాను. ఎంత మర్యాదగా అన్నానో, అంత అహంకారంగానూ అన్నాను. ఆయన తెరవైపు కాసేపు చూశారు. "అయ్యుంటాది బాబూ, ముసిలోణ్ణయిపోయాను గదా" అని లేచి లోపలికెళ్ళిపోయారు. ఆ తర్వాత రెండు నెలలు ఆ ఇంటి ఊసెత్తలేదు. వాళ్ళమ్మాయి ఫోను చేసి, "నాన్నగారు ఈమధ్య పాత సంగతులేవీ చెప్పడం లేదండీ. అడిగితే నాకు సరిగా గుర్తులేదులే అంటున్నారు" అంది. ఆ మాట నాకు ఎక్కడో గుచ్చుకుంది. పాత సంగతులు అడిగి రాసుకుందామని బయల్దేరినవాణ్ణి, చెప్పే మనిషి నోరే మూయించాను.

మళ్ళీ మొదటికి వెళ్ళాను. సింగపూర్ జాతీయ పురాలేఖాగారంలో బ్రిటిష్ రాయల్ ఎయిర్ ఫోర్సు విమానాలనుంచి తీసిన ఫొటోలున్నాయి, 1940ల నుంచి 1970ల దాకా. ఆన్‌లైన్లో చూడొచ్చు. పటం గీసేటప్పుడు మనిషి ఏది ముఖ్యమనుకుంటే అది గీస్తాడు. ఫొటో అలా కాదు, ఉన్నదంతా పడుతుంది. ఆ ఫొటోలో వరసలు వరసలుగా లైను ఇళ్ళు, వాటికి తూర్పున గుండ్రటి నీడ. ట్యాంకు నీడ!

తప్పెక్కడ జరిగిందంటే, నేను గుర్తుగా పెట్టుకున్న నాలుగు కూడళ్ళలో ఒకటి ఇప్పుడున్న చోట అప్పుడు లేదు. రోడ్డు వెడల్పు చేసినప్పుడు కూడలిని పక్కకి జరిపారు. పేరు అదే, చోటు వేరు. ఆ ఒక్క బిందువు వల్ల పటమంతా మెలితిరిగి, ఇల్లు దాదాపు రెండు వందల మీటర్లు జరిగిపోయింది. ట్యాంకుకి ఆ పక్కనుండాల్సిన ఇల్లు ఈ పక్కకొచ్చింది. మావయ్యగారి జ్ఞాపకంలో ఒక్క తప్పు లేదు. పొద్దు పొడిచే దిక్కుని పిల్లవాడు ఎందుకు మరిచిపోతాడు?

ఫొటో ప్రింటు తీయించుకుని వెళ్ళి, "మావయ్యగారూ, తప్పు నాదే. మీరు చెప్పిందే నిజం" అన్నాను. ఇది కూడా అందరి ముందే చెప్పాను. అదే న్యాయమనిపించింది. ఆయన కళ్ళద్దాలు సర్దుకుని ఫొటో మీద వేలు పెట్టి ఒక్కొక్క వరసా లెక్కపెట్టారు. మూడో వరస, చివరినుంచి రెండో గుమ్మం. "ఇదీ" అన్నారు. తర్వాత పది నిమిషాలు ఆగకుండా మాట్లాడారు. వాళ్ళమ్మాయి ఫోనులో రికార్డు చేసింది. ఏ ఇంట్లో ఎవరుండేవారు, ఎవరి ఇంట్లో పండక్కి అరిసెలు వండితే ఎవరెవరికి పంచేవారు, వేరే భాషలవాళ్ళు వీళ్ళ నాన్నగారిని ఏమని పిలిచేవారు, అన్నీ.

ఆ చివరి సంగతి దగ్గర ఆయన కాస్త ఆగారు. కొందరు పిలిచిన మాట "క్లింగ్". మీలో ఎంతమందికి తెలుసో, సింగపూర్‌లో, మలేషియాలో ఆ మాట ఇవాళ అవమానం కిందే లెక్క. ఎవరూ అనకూడదు. కానీ దాని పుట్టుక చూస్తే, కళింగ నుంచి వచ్చిందంటారు పండితులు. పాత మలయ్ గ్రంథాల్లో కెలింగ్ అంటే దక్షిణ భారత దేశమే, అందులో నిందేమీ లేదు. కళింగుల రాజధాని కళింగనగరం మన శ్రీకాకుళం జిల్లా ముఖలింగమేనని చరిత్రకారులంటారు. మావయ్యగారి తాతల ఊరు కళింగపట్నానికి దగ్గర్లోనే. అంటే ఆయన్ని చిన్నప్పుడు ఏడిపించిన మాట ఆయన సొంత ఊరి పేరే!

నగరం నడిబొడ్డున ఇప్పుడు చూలియా స్ట్రీట్ అంటున్నదాన్ని ఒకప్పుడు క్లింగ్ స్ట్రీట్ అనేవారు. ఆ పేరు కించపరిచేదిగా ఉందని 1920ల మొదట్లో మార్చారు. నేను తయారుచేస్తున్న పటంలో పాత వీధి పేర్లన్నీ చేరుస్తున్నాను, ఇది చేర్చాలా వద్దా అని తేల్చుకోలేకపోయాను. రాయకపోతే చరిత్ర దాచినట్టు, రాస్తే ఆ మాటని మళ్ళీ నోటికందించినట్టు. మావయ్యగారినే అడిగాను. ఆయన కాసేపాలోచించి, "రాయి బాబూ. ఎందుకు తీసీసినారో పక్కన అదీ రాయి. ముక్కలింగం సంగతి కూడా రాయి, మరిసిపోకు" అన్నారు. అలాగే రాశాను.

మరి వాళ్ళ లైను ఇళ్ళలో ఎవరెవరుండేవారో ఆయన చెప్పిన పేర్లు? అవి పటంలో పెట్టలేదు. ఒక ఇంట్లో తాగుడుందన్నారు, ఇంకో ఇంటినుంచి ఒకమ్మాయి చెప్పకుండా వెళ్ళిపోయిందన్నారు. వాళ్ళ పిల్లలూ మనవలూ ఇక్కడే ఉన్నారు. మన ఇంటి కథ చెప్పుకునే హక్కు మనకుంది, పక్కింటివాళ్ళ కథ నలుగురిలో పెట్టే హక్కు లేదు. రికార్డింగు ఆ కుటుంబం దగ్గరే ఉంది. పటంలో మాత్రం ఇన్ని వరసలు, ఇన్ని గుమ్మాలు, ఈ భాషలవాళ్ళు అని రాశాను.

ఇంకొక్క మార్పు చేశాను. పటంలో సూది గుచ్చినట్టు ఎర్ర గుర్తు పెట్టడం మానేశాను. సూదిమొన అంత కచ్చితంగా నాకు తెలుసా? రెండు వందల మీటర్లు తప్పినరోజు కూడా ఆ గుర్తు అంతే ధీమాగా నిలబడింది. ఇప్పుడు గుండ్రంగా ఒక వృత్తం గీస్తాను. ఫొటో, కాగితం, జ్ఞాపకం మూడూ కలిస్తే చిన్న వృత్తం. జ్ఞాపకం ఒక్కటే ఉంటే పెద్ద వృత్తం. ఎవరు చెప్పారు, ఏ సంవత్సరంలో చెప్పారు అన్నది పక్కనే ఉంటుంది. కావలివాళ్ళ మనుషులు కూడా ఎవరిని అడిగి రాశారో చాలాచోట్ల రాసిపెట్టారు. వాళ్ళ దగ్గర నేర్చుకున్నదే.

పోయిన సంవత్సరం ఒకరోజు పొద్దున్నే మావయ్యగారిని తీసుకుని అక్కడికి వెళ్ళాం. 2019లో తెరిచిన కాన్‌బెరా ఎమ్మార్టీ స్టేషన్లో దిగి నడిచాం. లైను ఇళ్ళు లేవు, ట్యాంకు లేదు. అన్నీ హెచ్‌డీబీ బ్లాకులు. ఫోనులో వృత్తం మధ్యకి వచ్చేసరికి మేమొక బ్లాకు కింద, నలుగురు పెద్దవాళ్ళు చదరంగం ఆడుకుంటున్న బల్ల పక్కన ఉన్నాం. నాకేమో ఏదో జరుగుతుందని ఆశ. మావయ్యగారు చుట్టూ చూసి, తూర్పుకి తిరిగి, ఎండకి చెయ్యి అడ్డం పెట్టుకుని, "ఇక్కడే. మధ్యానం ఇడ్లీ దొరుకుతాదేటి ఈ సుట్టుపక్కల?" అన్నారు. దొరికింది. తిన్నాం. వచ్చేటప్పుడు బస్సులో మనవరాలికి చెబుతున్నారు, వానొస్తే నీళ్ళెటు పోయేవో. నిజంగానే బ్లాకు వెనక నేల ఇప్పటికీ అటే వాలి ఉంది. కాలవ కూడా అటే కట్టారు.

మీరు కూడా ఈ పని చేయొచ్చు. పెద్ద చదువేం అక్కర్లేదు. ముందు ఇంట్లో పెద్దవాళ్ళని అడగండి. "మీ ఇల్లెక్కడుండేది" అని కాదు, "గుమ్మంలో నిలబడితే ఏం కనపడేది, నీళ్ళెక్కడ తెచ్చుకునేవారు, బడికి ఏ దారిన వెళ్ళేవారు" అని అడగండి. అలా అడిగితే జవాబులు వాటంతటవే వస్తాయి. వాళ్ళ చేతికి కాగితం ఇచ్చి గీయమనండి, వంకరగా ఉన్నా సరే. తర్వాతే కంప్యూటరు తెరవండి. సింగపూర్ పటాలకి వన్‌మ్యాప్, పాత వార్తలకి న్యూస్‌పేపర్‌ఎస్‌జీ, ఫొటోలకీ మౌఖిక చరిత్రలకీ జాతీయ పురాలేఖాగారం ఉన్నాయి. పేర్ల స్పెల్లింగుతో జాగ్రత్త. యీషున్ అని వెతికితే పాత పటంలో దొరకదు, అక్కడది నీ సూన్. శ్రీకాకుళమని వెతికితే దొరకదు, చికాకోల్.

మన ఊళ్ళకైతే హైదరాబాదు ఎన్నార్‌ఎస్‌సీ వారి భువన్ ఉంది. 1950ల నాటి అమెరికా సైన్యపు పటాల్ని టెక్సాస్ విశ్వవిద్యాలయం వారు ఆన్‌లైన్లో ఉంచారు. మీలో కర్నూలు, మహబూబ్‌నగర్ వైపు వాళ్ళుంటే ముఖ్యంగా చూడండి. శ్రీశైలం జలాశయం 1980ల మొదట్లో నిండినప్పుడు సుమారు వంద ఊళ్ళు మునిగాయి. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయీ విప్పి ఆలంపురంలో మళ్ళీ కట్టారు. ఇళ్ళని అలా ఎవరూ మోసుకురాలేదు. ఆ ఊళ్ళలో పుట్టి పెరిగినవాళ్ళకి ఇప్పుడు అరవై, డెబ్భై ఏళ్ళు. వాళ్ళ పిల్లలు కొందరు ఇక్కడ, కొందరు అమెరికాలో ఉన్నారు. సెలవులకి వెళ్ళినప్పుడు ఒక పూట కేటాయించండి.

ఒక్కమాట. పటానికీ పెద్దవాళ్ళ మాటకీ తేడా వస్తే, వెంటనే పెద్దవాళ్ళదే తప్పనకండి. ముందు మీ కంట్రోల్ పాయింట్లు సరిచూసుకోండి.

 మావయ్యగారు కూడా ఈ కార్యక్రమం వింటున్నారు. చెప్పినదాంట్లో తప్పులుంటే రేపు పొద్దున్నే ఫోనొస్తుంది. సరిదిద్దుకుని వచ్చేసారి చెబుతాను. సెలవు.